తీర్పుకు ముందే తేలిపోయే కేసులు
స్వయంగా వాదించుకునే కార్మికుడు, లేబర్ కోర్టు విధాన ఉత్తర్వులు: రాయలసీమ నేపథ్యంలో ఒక సమీక్ష

సమస్య స్వరూపం

కర్నూలు, కడప జిల్లాల్లో ఉద్యోగం పోగొట్టుకున్న కార్మికుడు, 2020కి ముందు తొలగింపుకు గురైన ఆదోని డిపో కండక్టరైనా ప్రొద్దుటూరు మిల్లు కూలీ అయినా, సామరస్య ప్రయత్నం విఫలమైన తర్వాత చేరుకోవలసిన చోటు అనంతపురంలోని పారిశ్రామిక ట్రిబ్యునల్ కమ్ లేబర్ కోర్టు. రెండు జిల్లా కేంద్రాల నుంచీ అది సుమారు 150 కిలోమీటర్ల దూరం. మంగంపేట ముగ్గురాయి గనుల వంటి గనుల కార్మికుల విషయంలో 1947 పారిశ్రామిక వివాదాల చట్టం కేంద్రాన్నే తగిన ప్రభుత్వంగా గుర్తించింది గనుక వారి వివాదాలు హైదరాబాదులోని కేంద్ర ప్రభుత్వ పారిశ్రామిక ట్రిబ్యునల్‌కు వెళ్తాయి. యూనియన్ అండ లేనివారు, వకీలు ఫీజు భరించలేనివారు, ఒకసారి పెట్టుకున్న వకీలుతో పొసగనివారు తమ కేసును తామే నడుపుకోవలసి వస్తుంది.

ఇటువంటి కార్మికుడి దృష్టి సహజంగా తుది నిర్ణయం మీద, అంటే చట్టం 'అవార్డు' అని పిలిచే దాని మీద ఉంటుంది. కాని దాఖలుకు, అవార్డుకు మధ్య జరిగే పది ఇరవై వాయిదాల్లో కోర్టు జారీ చేసే చిన్న చిన్న ఉత్తర్వులు కేసు దిశను ముందుగానే నిర్ణయిస్తాయి. కౌంటర్ (ఎదుటి పక్షపు రాతపూర్వక జవాబు) ఎప్పటిలోగా వేయాలి, ఏ పత్రాలు తెప్పించాలి, ఏ అంశాన్ని ముందు విచారించాలి, గైర్హాజరైన పక్షాన్ని ఏం చేయాలి అన్నవాటిని నిర్దేశించే ఈ ఉత్తర్వులను విధాన ఉత్తర్వులు అనవచ్చు. కోర్టు వ్యవహారంలో వీటిలో అధిక భాగం డాకెట్ ఆర్డర్లుగా, అంటే కేసు కట్టలోని దినచర్య పత్రంపై రాసే ఒకటి రెండు పంక్తులుగా కనిపిస్తాయి. కార్మిక న్యాయం గురించిన చర్చ శిక్ష తీవ్రత చుట్టూ, పాత వేతనాల చుట్టూ తిరిగినంతగా ఈ పంక్తుల చుట్టూ తిరగలేదు. ఇక్కడి సిద్ధాంతాలు పరస్పర విరుద్ధంగా పేరుకుపోయాయి. 2025లో 1947 చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ రావడంతో చిక్కు మరింత పెరిగింది; కింద చర్చించే సెక్షన్లు ఆ పాత చట్టానివి.

చారిత్రక క్రమం

రెండో ప్రపంచ యుద్ధకాలంలో భారత రక్షణ నిబంధనల్లోని 81ఎ నిబంధన ప్రభుత్వానికి పారిశ్రామిక వివాదాలను తీర్పరికి నివేదించే అధికారం ఇచ్చింది. యుద్ధం ముగిశాక ఆ పద్ధతినే 1947 చట్టం శాశ్వతం చేసింది. నిర్బంధ న్యాయనిర్ణయం అనే ఈ పద్ధతిని తొలినాళ్లలోనే వ్యతిరేకించిన ప్రముఖుడు తెలుగు కార్మిక నాయకుడు వి.వి. గిరి. 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయిన ఆయన, యాజమాన్యం, కార్మికులు ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలే తప్ప కోర్టుల చుట్టూ తిరగరాదని వాదించారు. బ్యాంకు ఉద్యోగుల వివాదంలో లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ నిర్ణయాన్ని ప్రభుత్వం సవరించినందుకు నిరసనగా 1954లో పదవికి రాజీనామా చేశారు. 1956 సవరణ ఆ అప్పిలేట్ ట్రిబ్యునల్‌ను రద్దు చేసి, లేబర్ కోర్టు, పారిశ్రామిక ట్రిబ్యునల్, జాతీయ ట్రిబ్యునల్ అనే మూడంచెలను నెలకొల్పింది. అప్పీలు లేకుండా పోవడంతో విధాన ఉత్తర్వులను సరిదిద్దే బాధ్యత హైకోర్టు రిట్ అధికారానికి మిగిలింది.

వ్యక్తికి చోటు దొరికింది ఆలస్యంగానే. పారిశ్రామిక వివాదం అంటే సమష్టి వివాదమే అన్న భావన బలంగా ఉండేది. 1965లో చేరిన 2ఎ సెక్షన్ ఒక్క కార్మికుడి తొలగింపును కూడా పారిశ్రామిక వివాదంగా పరిగణించింది. అయినా ప్రభుత్వం నివేదిస్తే తప్ప అది కోర్టుకు చేరేది కాదు. 1971 సవరణతో వచ్చిన 11ఎ సెక్షన్ తొలగింపు శిక్షను తిరిగి తూచే అధికారాన్ని లేబర్ కోర్టుకు ఇచ్చింది. అసలైన మలుపు 1987లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర సవరణతో వచ్చింది. ప్రభుత్వ నివేదన అవసరం లేకుండా కార్మికుడు నేరుగా లేబర్ కోర్టులో పిటిషన్ వేసుకునే వీలును 2ఎ(2) కల్పించింది. ఇటువంటి హక్కు దేశమంతటికీ 2010 కేంద్ర సవరణ ద్వారా, సామరస్య అధికారికి దరఖాస్తు చేసిన 45 రోజుల తర్వాత, తొలగింపు నుంచి మూడేళ్లలోగా వినియోగించుకోవాలన్న షరతుతో దక్కింది.

ఈ క్రమంలో గమనించవలసిన విషయం ఒకటుంది. 1987 సవరణ ప్రభుత్వంతో, యూనియన్‌తో నిమిత్తం లేకుండా కార్మికుణ్ణి కోర్టులోకి రానిచ్చింది గాని, లోపల నడిచే విధానాన్ని ఒంటరి మనిషికి తగినట్టు మార్చలేదు. విచారణ విధానం, ప్రాతినిధ్యం గురించి యూనియన్ ప్రతినిధిని దృష్టిలో పెట్టుకుని రూపొందిన 11వ, 36వ సెక్షన్లే యథాతథంగా కొనసాగాయి.

విధాన ఉత్తర్వుల్లో రకాలు

చట్టంలోని 11(1) సెక్షన్ ప్రకారం, నిబంధనలకు లోబడి, తనకు తగినదని తోచిన విధానాన్ని ట్రిబ్యునల్ అనుసరించవచ్చు. సాక్షులను రప్పించడం, పత్రాలు సమర్పింపజేయడం, కమిషన్లు వేయడం వంటి విషయాల్లో 11(3) దానికి సివిల్ కోర్టు అధికారాలు ఇచ్చింది. సాక్ష్య చట్టం కచ్చితంగా వర్తించదు గాని సహజ న్యాయసూత్రాలు వర్తిస్తాయి. ఈ అధికారాల నుంచి పుట్టే ఉత్తర్వులను స్థూలంగా నాలుగు రకాలుగా విభజించవచ్చు.

మొదటిది కాలనిర్దేశ ఉత్తర్వు. కౌంటర్‌కు, దానికి కార్మికుడిచ్చే జవాబైన రిజాయిండర్‌కు, చీఫ్ అఫిడవిట్‌కు, లిఖిత వాదనలకు గడువు పెట్టేది ఇదే. చీఫ్ అఫిడవిట్ అంటే సాక్షి తన ప్రధాన వాంగ్మూలాన్ని ప్రమాణపత్రంగా దాఖలు చేయడం. వకీలు లేని కార్మికుడు ఇక్కడ వాదించేవాడూ, డబ్ల్యు.డబ్ల్యు.1 అనే మొదటి సాక్షీ తానే అవుతాడు. రెండవది సాక్ష్యానికి సంబంధించిన ఉత్తర్వు: పత్రాలు తెప్పించడం, సాక్షిని తిరిగి పిలవడం, పత్రాలకు ఎగ్జిబిట్ సంఖ్య ఇవ్వడం. మూడవది అంశాల క్రమాన్ని నిర్ణయించే ఉత్తర్వు. అన్నిటికన్నా ముందు దేన్ని తేల్చాలో ఇది చెబుతుంది. నాలుగవది గైర్హాజరుకు, జాప్యానికి పర్యవసానంగా వచ్చే ఉత్తర్వు: ఎక్స్‌పార్టీగా ప్రకటించడం (అంటే రాని పక్షం లేకుండానే విచారణ సాగించడం), సాక్ష్యం ముగిసిందని రాయడం, ఖర్చులు విధించడం.

ఈ ఉత్తర్వుల భాష ఎంత క్లుప్తమో, దాని ఫలితం ఎంత విస్తృతమో ఒక ఉదాహరణ చూపుతుంది. ఆర్టీసీ కండక్టర్ల తొలగింపు కేసుల్లో 'దేశీయ విచారణ చెల్లుబాటుపై మెమో నిమిత్తం' అన్న ఒక్క పంక్తితో వాయిదా పడడం కద్దు. దేశీయ విచారణ అంటే తొలగించే ముందు యాజమాన్యం తనంతట తాను జరిపిన శాఖాపరమైన విచారణ. ఆ మెమోలో విచారణ చెల్లుబాటును తాను ప్రశ్నించడం లేదని కార్మికుడు సంతకం చేస్తే, కోర్టులో కొత్తగా సాక్ష్యాలు నమోదు చేయరు. శాఖాపరమైన విచారణ రికార్డు మీదనే, 11ఎ కింద శిక్ష ఎక్కువా కాదా అన్న వాదన మాత్రమే మిగులుతుంది. శిక్ష తగ్గింపే లక్ష్యంగా పెట్టుకున్న అనుభవజ్ఞుడైన వకీలు కాలం కలిసివస్తుందని ఇటువంటి మెమో దాఖలు చేయవచ్చు. తాను అసలు తప్పే చేయలేదని చెప్పదలచుకున్న కార్మికుడు దాని అర్థం తెలియక సంతకం చేస్తే, తన ప్రధాన వాదాన్ని తానే వదులుకున్నవాడవుతాడు. అవార్డు ఇంకా చాలా దూరంలో ఉండగానే కేసు సగం తేలిపోతుంది.

మూడు ఆలోచనా ధోరణులు

విధాన ఉత్తర్వులను ఎలా చూడాలన్న విషయంలో మూడు ప్రధాన ధోరణులు కనిపిస్తాయి.

మొదటి ధోరణి స్వేచ్ఛా విధానాన్ని సమర్థిస్తుంది. ట్రిబ్యునల్ సివిల్ కోర్టు కాదు, సాంకేతిక చిక్కులను ఛేదించి అసలు వివాదాన్ని త్వరగా తేల్చడానికే అది పుట్టిందన్నది దీని వాదం. తెలుగువారైన న్యాయమూర్తి ఒ. చిన్నపరెడ్డి 1983లో డి.పి. మహేశ్వరి కేసులో ఇచ్చిన తీర్పు దీనికి బలమైన ఆధారం. ప్రాథమిక అభ్యంతరాలు లేవనెత్తి, వాటిని హైకోర్టుకూ సుప్రీంకోర్టుకూ మోసుకెళ్లి కార్మికుణ్ణి అలసిపోయేలా చేసే యాజమాన్యాల ధోరణిని ఆ తీర్పు తీవ్రంగా విమర్శించింది. ఈ దృష్టిలో, కార్మికుడి దరఖాస్తుకు సరైన శీర్షిక లేకపోయినా, తెల్లకాగితం మీద తెలుగులో రాసి ఇచ్చినా, దాని సారాన్ని గ్రహించి ఉత్తర్వు ఇవ్వడం న్యాయాధికారి విధి.

రెండవ ధోరణి విధాన క్రమశిక్షణను నొక్కిచెబుతుంది. ఎవరు ఏది ఎప్పుడు చెప్పాలో నిర్ణీతంగా ఉండకపోతే రెండు పక్షాలకూ అన్యాయం జరుగుతుందన్నది దీని వాదం. ఇది యాజమాన్య పక్షపు వాదమని తేలికగా తోసేయడానికి వీలులేదు. శంభునాథ్ గోయల్ కేసులో 1983లో సుప్రీంకోర్టు చెప్పినది యాజమాన్యాన్ని కట్టడి చేసే సూత్రమే: దేశీయ విచారణ చెల్లదని తేలితే ట్రిబ్యునల్ ముందు సాక్ష్యం పెట్టుకునే అవకాశం కావాలని యాజమాన్యం తొలి అదనులోనే, తన రాతపూర్వక వాదనల్లోనే కోరాలి. 2001లో లక్ష్మీదేవమ్మ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఆ సూత్రాన్ని నిలబెట్టింది. కౌంటర్‌లో అటువంటి కోరిక లేదని గుర్తించి, తర్వాత వచ్చే దరఖాస్తును రాతపూర్వకంగా వ్యతిరేకించగల కార్మికుడికి క్రమశిక్షణే రక్షణ అవుతుంది. ఆ సూత్రం తెలియనివాడికి మాత్రం అది అక్కరకు రాదు.

మూడవ ధోరణి సమస్యను విధానంలో కాక సహాయంలో చూస్తుంది. 36వ సెక్షన్ ప్రకారం కార్మికుడు తాను సభ్యుడైన యూనియన్ కార్యవర్గ సభ్యుడి ద్వారా, ఏ యూనియన్‌లోనూ సభ్యుడు కానప్పుడు ఆ పరిశ్రమకు సంబంధించిన యూనియన్ బాధ్యుడి ద్వారా లేదా అదే పరిశ్రమలోని తోటి కార్మికుడి ద్వారా వాదించుకోవచ్చు. వకీలు హాజరు కావాలంటే 36(4) ప్రకారం ఎదుటి పక్షం సమ్మతి, కోర్టు అనుమతి రెండూ ఉండాలి. పారాదీప్ పోర్టు ట్రస్టు కేసులో 1976లో సుప్రీంకోర్టు ఈ నిబంధనకు న్యాయవాదుల చట్టం అడ్డురాదని, అయితే యూనియన్ లేదా యాజమాన్య సంఘం బాధ్యుడి హోదాలో వచ్చే న్యాయవాదికి ఈ ఆంక్ష వర్తించదని చెప్పింది. మరోవైపు 1987 న్యాయసేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ పారిశ్రామిక కార్మికుణ్ణి ఉచిత న్యాయసహాయానికి అర్హుల జాబితాలో ప్రత్యేకంగా చేర్చింది. కర్నూలు, కడప జిల్లా న్యాయసేవాధికార సంస్థలకు దరఖాస్తు చేసుకునే కార్మికుడు ఈ హోదాలోనే చేసుకోవచ్చు. ఒక చట్టం వకీలును గుమ్మం దగ్గర ఆపమంటుంటే, మరో చట్టం అదే కార్మికుడికి వకీలును ఉచితంగా ఇస్తానంటోంది. ఆచరణలో ఎవరూ అభ్యంతరం చెప్పకపోవడమే సమ్మతిగా చెలామణి అవుతూ ఈ వైరుధ్యం మరుగున పడింది. వకీలు లేని కార్మికుడికి మాత్రం 36(4) నిజమైన ఆయుధం. యాజమాన్యం వకాలతు దాఖలు చేసిన తొలి వాయిదాలోనే అభ్యంతరం రాతపూర్వకంగా ఇస్తే కోర్టు దానిపై ఉత్తర్వు ఇవ్వక తప్పదు; ఆలస్యం చేస్తే మౌనమే అంగీకారం అవుతుంది.

చర్చనీయాంశాలు

ప్రాథమికాంశమా, సమగ్ర విచారణా?

కూపర్ ఇంజినీరింగ్ కేసులో 1975లో సుప్రీంకోర్టు, దేశీయ విచారణ చెల్లుబాటును ట్రిబ్యునల్ ప్రాథమికాంశంగా ముందే తేల్చాలని చెప్పింది. ఆ నిర్ణయాన్ని ఆ దశలోనే సవాలు చేస్తే హైకోర్టు జోక్యం చేసుకోకపోవడమే సబబని కూడా హెచ్చరించింది. ఎనిమిదేళ్ల తర్వాత డి.పి. మహేశ్వరి తీర్పు అన్ని అంశాలనూ కలిపి విచారించి ఒకేసారి తేల్చాలన్నది. మొదటి తీర్పు దేశీయ విచారణకే పరిమితమైనదనీ, రెండవది అధికార పరిధి, 'కార్మికుడు' అన్న నిర్వచనం వంటి అభ్యంతరాలకు ఉద్దేశించినదనీ సమన్వయించడం సాధారణం. ఈ సమన్వయం తర్కానికి నిలుస్తుంది గాని, స్వయంగా వాదించుకునే వ్యక్తికి దానివల్ల పెద్దగా ఒరిగేది ఉండదు. దూరాభారం, కూలి నష్టం లెక్కలోకి తీసుకుంటే రెండు విడతల విచారణ అంటే రెట్టింపు ప్రయాణాలు. అయితే ప్రాథమికాంశం గెలిచిన కార్మికుడు యాజమాన్యం మీద రుజువు భారాన్ని మోపగలుగుతాడు గనుక, అలసట ఒక్కదాన్నే చూసి ఆ దశను వదులుకోవడం లాభసాటి కాదు.

ఎక్స్‌పార్టీ ఉత్తర్వు, దాని రద్దు

రాత్రి బస్సు అందకపోయినా, ఊళ్లో చావు జరిగినా, వాయిదా తేదీ పొరబడినా కార్మికుడు పిలుపు సమయానికి హాజరు కాలేడు. అప్పుడు కోర్టు ఎక్స్‌పార్టీగా విచారణ సాగించవచ్చు. దాన్ని రద్దు చేసే అధికారం ట్రిబ్యునల్‌కు ఉందా అన్న ప్రశ్నకు గ్రిండ్లేస్ బ్యాంకు కేసులో 1980లో సుప్రీంకోర్టు ఉందని జవాబిచ్చింది; చట్టంలో విడిగా రాసి లేకపోయినా అది న్యాయం చేయడానికి అనుబంధంగా ఉండే అధికారమన్నది. కాని 17ఎ సెక్షన్ ప్రకారం అవార్డు ప్రచురితమైన 30 రోజులకు అమలులోకి వస్తుంది గనుక, ఆ తర్వాత ట్రిబ్యునల్‌కు కేసుతో సంబంధం తెగిపోతుందని 2004లో సంఘం టేప్ కంపెనీ కేసు చెప్పింది. దీన్ని 2018లో హర్యానా సూరజ్ మాల్టింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం సరిదిద్ది, సహజ న్యాయం జరగలేదని చూపగలిగితే 30 రోజులు గడిచినా ట్రిబ్యునల్ తన ఎక్స్‌పార్టీ అవార్డును రద్దు చేయవచ్చని తేల్చింది.

సిద్ధాంతం ఇంత ఉదారంగా ఉన్నా ఆచరణలో రద్దు దరఖాస్తు బలం అందులోని వివరాల మీద ఆధారపడి ఉంటుంది. గైర్హాజరుకు కారణం, దానికి ఆధారం, ఉత్తర్వు సంగతి తెలిసిన తేదీ, తెలిసిన వెంటనే తీసుకున్న చర్య అన్నవి ప్రమాణపత్రంలో ఉండాలి. దాదాపు ఇదే నియమం క్రాస్ పరీక్షకూ వర్తిస్తుంది. యాజమాన్యపు సాక్షిని కార్మికుడు ఆ రోజు ప్రశ్నించలేకపోతే డాకెట్‌లో 'క్రాస్ నిల్' అని పడుతుంది. ఆ సాక్షి చెప్పినదంతా ఎదురులేని సాక్ష్యంగా నిలబడుతుంది. తిరిగి పిలవాలన్న ఐ.ఏ., అంటే మధ్యంతర దరఖాస్తు, తర్వాతి వాయిదాకల్లా పడాలి. వాదనల దశలో అడిగితే అది జాప్యం చేసే ఎత్తుగడగా కనిపిస్తుంది.

పత్రాలు, రుజువు భారం

రోజుకూలీగా, తాత్కాలిక ఉద్యోగిగా పనిచేసినవారి కేసుల్లో ఏడాదిలో 240 రోజులు పనిచేశానని రుజువు చేయడం కీలకం. ఆ భారం కార్మికుడిదేనని, ప్రమాణపత్రం ఒక్కటే చాలదని 2002లో హదిమని కేసు చెప్పింది. 2005లో ఆర్.ఎం. ఎల్లట్టి కేసు ఆ మాటను కొట్టివేయకుండానే మరో వైపు చూపింది: నియామక పత్రం, వేతన చీటీ లేని కార్మికుడు మస్టర్ రోల్స్ వంటి యాజమాన్య రికార్డులను తెప్పించమని కోరవచ్చు, కోరినా అవి రాకపోతే యాజమాన్యానికి ప్రతికూలంగా భావించే సందర్భం ఏర్పడవచ్చు. బేతంచెర్ల రాళ్ల పాలిషింగ్ యూనిట్లలోనో ఆదోని పత్తి మిల్లుల్లోనో కాగితం లేకుండా పనిచేసిన వ్యక్తికి ఈ రెండు తీర్పుల మధ్య దూరాన్ని పూడ్చేది పత్రాల సమర్పణ ఉత్తర్వే. అందుకు దరఖాస్తు నిర్దిష్టంగా ఉండాలి. 'రికార్డులన్నీ' అని కోరితే తిరస్కరణ తప్పకపోవచ్చు. ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకు హాజరు పట్టీ, వేతన రిజిస్టరు, పి.ఎఫ్. చందా వివరాలు అని కోరితే యాజమాన్యం 'ఉన్నాయి' అనో 'లేవు' అనో చెప్పవలసి వస్తుంది. ఆ జవాబు ఏదైనా కార్మికుడికి సాక్ష్యమే.

పై కోర్టుకు వెళ్లాలా, వేచి ఉండాలా?

విధాన ఉత్తర్వుపై అప్పీలు లేదు. రాజ్యాంగం 226, 227 అధికరణాల కింద హైకోర్టుకు వెళ్లవచ్చు గాని, అధికార పరిధి లోపించినప్పుడో స్పష్టమైన అన్యాయం జరిగినప్పుడో తప్ప మధ్యలో జోక్యం చేసుకోరాదన్నది స్థిరపడిన వైఖరి. కార్మికుడి దృష్టిలో అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న, ఆ ఉత్తర్వుపై అభ్యంతరం రికార్డులో ఉందా లేదా అన్నది. అవార్డును సవాలు చేసేటప్పుడు మధ్యంతర ఉత్తర్వుల తప్పులను కూడా ఎత్తిచూపవచ్చు. కాని అభ్యంతరం అప్పట్లోనే మెమోగా పడి ఉండాలి. మెమో అంటే కోర్టు దృష్టికి ఒక విషయం తెచ్చే సాదా రాతపత్రం, ఐ.ఏ. అంటే ప్రమాణపత్రంతో నిర్దిష్టమైన ఉత్తర్వు కోరే దరఖాస్తు. అభ్యంతరం నమోదుకు మెమో చాలు, ఉత్తర్వు మార్పుకు ఐ.ఏ. కావాలి. ఈ తేడా పాటించకపోవడం వల్ల మెమో మీద ఉత్తర్వు వస్తుందని ఎదురుచూస్తూ గడువులు దాటిపోతాయి. ఇక కార్మికుడు గెలిచి యాజమాన్యం హైకోర్టుకు వెళ్తే, తాను మరెక్కడా ఉద్యోగం చేయడం లేదన్న ప్రమాణపత్రంతో 17బి సెక్షన్ కింద చివరి వేతనం కోరే హక్కు అతనికి ఉంటుంది. ఇది కోరితే వచ్చేదే గాని దానంతటది వచ్చేది కాదు.

బ్రిటన్ అనుభవంతో పోలిక

బ్రిటన్‌లో 1964లో మొదలై 1998లో ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునళ్లుగా పేరు మారిన వ్యవస్థ, వకీలు లేకుండా ఎవరైనా వాదించుకోగలగాలన్న ఉద్దేశంతోనే పెరిగింది. అక్కడ విధాన ఉత్తర్వులు డాకెట్ పంక్తులుగా ఉండవు. ఏ తేదీలోగా ఎవరు ఏమి చేయాలో వరుస సంఖ్యలతో రాతపూర్వకంగా ఇస్తారు. ఉత్తర్వు మార్చమని ఎలా కోరాలో నిబంధనలే చెబుతాయి. ఇరు పక్షాలను వీలైనంత సమస్థాయిలో నిలపడం ఆ నిబంధనల లక్ష్యాల్లో ఒకటి. అదే వ్యవస్థలో 'అన్‌లెస్ ఆర్డర్' అనే కఠినమైన ఉత్తర్వూ ఉంది; ఫలానా తేదీలోగా పాటించకపోతే క్లెయిమ్ మరో ఉత్తర్వు అవసరం లేకుండానే కొట్టుడుపోతుంది. దాన్ని రద్దు చేయమని కోరడానికి 14 రోజుల గడువు ఉంటుంది. 2013లో విధించిన ట్రిబ్యునల్ ఫీజులను న్యాయం అందుబాటును దెబ్బతీస్తున్నాయని 2017లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టివేసింది. రాయలసీమ కార్మికుడికి ఫీజు భారం లేదు, దానంతటదే కేసు పోయే ఉత్తర్వూ లేదు. కాని ఏం చేయాలో స్పష్టంగా చెప్పే కాగితం కూడా లేదు. ఇక్కడి మెతకదనం, అక్కడి స్పష్టత ఒకే చోట కుదరడం అసాధ్యమేమీ కాదు.

తులనాత్మక సారాంశం

స్వేచ్ఛా విధాన ధోరణి: ఆధారం 11(1) సెక్షన్, డి.పి. మహేశ్వరి తీర్పు. కార్మికుడి భాష, రూపం తప్పులను క్షమించడం దీని బలం. న్యాయాధికారి మారితే పద్ధతి మారడం, ముందేమి జరుగుతుందో తెలియకపోవడం దీని లోపం.

క్రమశిక్షణ ధోరణి: ఆధారం శంభునాథ్ గోయల్, లక్ష్మీదేవమ్మ తీర్పులు. యాజమాన్యాన్ని కూడా గడువులకు, రాతపూర్వక వాదనలకు కట్టిపడేయడం దీని బలం. సూత్రం తెలిసినవాడికే ఫలితం దక్కడం దీని లోపం.

సహాయ ధోరణి: ఆధారం 36వ సెక్షన్, 1987 న్యాయసేవల చట్టం. అసమానతను నేరుగా తగ్గించడం దీని బలం. సహాయం నాణ్యత మీదా, యూనియన్ ఇష్టం మీదా ఆధారపడడం, స్వయంగా వాదించుకోదలచినవాడి ప్రశ్నను పక్కనపెట్టడం దీని లోపం.

తేలని అంశాలు

మొదటిది చట్ట మార్పిడి. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. అది లేబర్ కోర్టు అంచెను తీసేసి, న్యాయ సభ్యుడు, పరిపాలనా సభ్యుడు ఉండే ట్రిబ్యునల్‌ను ప్రతిపాదించింది. తొలగింపు వివాదాలను ఇద్దరు సభ్యుల ధర్మాసనానికి అప్పగించింది. సామరస్య దశకు రెండేళ్ల పరిమితి పెట్టి, ఆ అధికారి నివేదిక అందిన 90 రోజుల్లోగా ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేయాలంది. తగిన విధానాన్ని ట్రిబ్యునలే ఎంచుకోవచ్చన్న పాత సూత్రం మాత్రం అందులోనూ కొనసాగింది. పరిపాలనా సభ్యుడి రాకతో విచారణ సరళమవుతుందా, ఇద్దరు సభ్యులు కూర్చోవలసి రావడంతో వాయిదాలు పెరుగుతాయా అన్నది ఆచరణలో తేలవలసి ఉంది.

రెండవది ఆర్టీసీ ఉద్యోగుల స్థితి. 2019 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం 2020 జనవరి 1 నుంచి వారు ప్రజా రవాణా శాఖలో ప్రభుత్వోద్యోగులయ్యారు. అంతకుముందు తలెత్తిన వివాదాలకు లేబర్ కోర్టు దారి ఉంది. ఆ తర్వాతి వివాదాలకు ఏది సరైన వేదిక అన్న అభ్యంతరం ప్రాథమికాంశంగా లేవవచ్చు. రాష్ట్ర పరిపాలనా ట్రిబ్యునల్ కూడా రద్దయినందువల్ల ప్రభుత్వోద్యోగికి మిగిలింది హైకోర్టు. లేబర్ కోర్టులో ఒంటరిగా నెగ్గుకురాగల కండక్టరుకు అమరావతిలోని హైకోర్టులో రిట్ పిటిషన్‌ను ఒంటరిగా నడపడం ఇంకా కష్టం. కర్నూలులో హైకోర్టు బెంచ్ కోసం 2024 నవంబరులో శాసనసభ చేసిన తీర్మానం ఫలిస్తే దూరం తగ్గుతుంది గాని విధానపు బరువు తగ్గదు.

మూడవది వకీలు ప్రశ్న. పారాదీప్ తీర్పును పునఃపరిశీలించవలసిన అవసరాన్ని 2023లో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం గుర్తించి విస్తృత ధర్మాసనానికి నివేదించింది. ఆంక్ష తొలగితే యాజమాన్యపు వకీలును అడ్డుకునే హక్కు కార్మికుడు కోల్పోతాడు; కొనసాగితే న్యాయసహాయం పొందే కార్మికుడికే అది అడ్డంకి కావచ్చు.

నాలుగవది గైర్హాజరు పర్యవసానం. ప్రభుత్వం నివేదించిన వివాదానికి ట్రిబ్యునల్ ఏదో ఒక సమాధానం చెప్పి తీరాలి గనుక గైర్హాజరు కారణంగా దాన్ని కొట్టివేయరాదన్న వాదం బలమైనది. కార్మికుడు నేరుగా వేసిన 2ఎ(2) పిటిషన్‌కు కూడా అదే నియమం వర్తించాలా, సివిల్ దావాలా డిస్మిస్ చేసి పునరుద్ధరించే పద్ధతి సరిపోతుందా అన్నదానిపై ఏకాభిప్రాయం లేదు.

ఐదవది భాష. 1966 అధికార భాషా చట్టం తెలుగును రాష్ట్ర అధికార భాషగా ప్రకటించినా, డాకెట్ ఉత్తర్వులు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటాయి. వకీలు ఉన్న కార్మికుడికి ఇది అసౌకర్యం మాత్రమే; లేనివాడికి తనపై వచ్చిన ఉత్తర్వును పాటించడమే ప్రశ్నార్థకమవుతుంది.

ముగింపు

చట్టం ఇచ్చిన సౌలభ్యం కార్మికుడి మేలుకోరి వచ్చినదే. కాని ఏ దశలో ఏది జరుగుతుందో ముందుగా తెలియనప్పుడు ఆ సౌలభ్యమే విధానం తెలిసిన పక్షానికి అనుకూలిస్తుంది. మూడు ధోరణులలో ఏ ఒక్కటీ స్వయంగా వాదించుకునే కార్మికుడి అవసరాన్ని పూర్తిగా తీర్చదు. విచక్షణను తగ్గించడం కన్నా దాన్ని రాతలో పెట్టించడం ఈ మూడింటికీ ఆమోదయోగ్యమైన మార్గం. ప్రతి విధాన ఉత్తర్వులోనూ ఎవరు, ఏది, ఏ తేదీలోగా చేయాలో, చేయకపోతే ఏమవుతుందో, మార్పు కోరాలంటే ఏ దరఖాస్తు వేయాలో తెలుగులో రెండు మూడు వాక్యాల్లో చెబితే అందుకు చట్ట సవరణ అవసరం లేదు. 11(1) ఇచ్చిన, కొత్త కోడ్‌లోనూ కొనసాగిన అధికారమే చాలు. విచారణ చెల్లుబాటును ఒప్పుకునే మెమో వంటి, వెనక్కి తీసుకోవడం కష్టమైన అంగీకారాలను నమోదు చేసుకునే ముందు వాటి ఫలితాన్ని కార్మికుడికి వివరించామని డాకెట్‌లో రాయడం కూడా అదే అధికార పరిధిలోనిది. అంతవరకు కార్మికుడు పాటించగలిగిన క్రమం స్పష్టమే: ప్రతి వాయిదా నాడు డాకెట్ చూసి రాసుకోవడం, ముఖ్యమైన ఉత్తర్వుకు ధ్రువీకరించిన నకలు తీసుకోవడం, గడువు చాలకపోతే ముగియకముందే పొడిగింపు కోరడం, అభ్యంతరాన్ని నోటిమాటగా వదలక కాగితం మీద పెట్టడం. కొత్త ట్రిబ్యునళ్లకు రాష్ట్రం రాసుకునే నిబంధనల్లో ఈ అంశాలకు చోటు దక్కితే, 1987 సవరణ వ్యక్తికి ఇచ్చిన ప్రవేశ హక్కు విచారణ చివరిదాకా పనికొచ్చే హక్కుగా మారుతుంది.